ఇంజను దించే ముందు

ప్రశ్న: అయ్యా, మాది పి.గన్నవరం మండలంలోని ఒక లంక గ్రామం. మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 కారు 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదలో రెండు రోజులు మునిగి ఉంది. వరద తీసిన తరువాత కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే, ఒక్కసారి టక్కుమని శబ్దం వచ్చి ఇంజను బిగుసుకుపోయింది. పిస్టనునూ క్రాంక్ షాఫ్టునూ కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిందని మెకానిక్ గారు చెప్పారు. అప్పటినుంచి కారు పశువుల పాకలోనే ఉంది. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివి, రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ మోటార్లు బాగుచేస్తుంటాను. కారు ఇంజను మాత్రం ఎన్నడూ దించలేదు. మా మేనమామగారు ఒక ఓమ్నీ వ్యాను ఇంజనును చవకగా ఇప్పిస్తామంటున్నారు. రెండూ 796 సీసీయే కనుక సరిపోతుందని ఆయన నమ్మకం. పాక దూలానికి చైన్ పుల్లీ కట్టి, ఆ పని ఇంటి దగ్గరే నేను చేసుకోవచ్చునా?

సమాధానం: చేసుకోవచ్చును. మూడు సిలిండర్లు, ఒక కార్బురెటర్, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని వైర్లు ఉన్న ఈ కారు కన్నా, మొదటిసారి ఇంజను మార్చేవారికి అనువైనది మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే ఆ ఓమ్నీ ఇంజనునూ, ఆ పాక దూలాన్నీ మీరు మరచిపోవాలి.

మారుతి 800, ఓమ్నీ, మొదటి తరం ఆల్టో, ఈ మూడింటికీ 796 సీసీ అనే అంకె ఒక్కటే కావడం వల్ల చాలామంది పొరబడతారు. మీ కారులో ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నీలో అదే కుటుంబానికి చెందిన ఇంజను ముందు సీట్ల కింద బండి పొడవునా అమర్చబడి వెనుక చక్రాలను తిప్పుతుంది. లోపలి భాగాలు చాలావరకు ఒకే రకానివైనా మౌంటింగులు (ఇంజనును బండికి బిగించే దిమ్మలు), మానిఫోల్డులు (గాలీ పొగా వెళ్ళే గొట్టాల అమరిక), నీటి గొట్టాల దారులు, గేరుబాక్సుతో కలిసే అమరిక వేరు కాబట్టి, చవకగా వచ్చిన ఆ ఇంజనుకు మీరు లేత్ పనికీ వెల్డింగుకూ పెట్టే ఖర్చు అసలు ధరను మించిపోతుంది. ఆల్టో ఇంజనులో సిలిండరుకు నాలుగు చొప్పున పన్నెండు వాల్వులు ఉంటాయి, మీ కారులో ఉన్నవి ఆరే. తరువాతి కాలంలో వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురెటర్ బదులు పెట్రోలును చిమ్మే ఏర్పాటు) 800 ఇంజను మరింత దగ్గరి చుట్టమే కానీ, దానితో పాటు ఈసీయూ అనే ఇంజను కంప్యూటరు, దాని వైరింగు, ట్యాంకులో ఉండే పెట్రోలు పంపు కూడా తెచ్చుకోవలసి వస్తుంది. కనుక కార్బురెటర్ ఉన్న 800 కారు ఇంజనునే వెతకండి, వీలైతే గేరుబాక్సుతో కలిపి కొనండి. మీ గేరుబాక్సు కూడా రెండు రోజులు నీళ్ళలో ఉంది. దాని గాలిగొట్టం గుండా నీరు దిగి ఉంటే, ఇన్నేళ్ళలో లోపలి బేరింగులకు తుప్పు పట్టే ఉంటుంది. కింద బోల్టు విప్పి నూనె దించినప్పుడు అది పాలు కలిపిన టీ రంగులో వస్తే దాని మీద ఆశ వదులుకోవలసిందే.

ఇంజను బేరమాడటానికి ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది కారు శరీరం. కాళ్ళ కింది తివాచీని తీసి, నేల రేకునూ, ముందు సస్పెన్షన్ శరీరానికి బిగించిన చోట్లనూ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. రేకు పెళ్ళలుగా రాలితే ఆ కారులో ఎంత మంచి ఇంజను వేసినా మీ డబ్బు ఇసుకలో పోసిన నీరే. రెండవది ఆర్‌సీ. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలు చెల్లుతుంది, ఆ తరువాత ఐదేళ్ళకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 1998లో నమోదైన కారుకు 2013లోనూ 2018లోనూ పొడిగింపు జరిగి ఉన్నా, మూడవది 2023లో వచ్చి ఉంటుంది. అప్పటికి కారు పాకలోనే ఉంది కదా. ఆ సంగతి రవాణా కార్యాలయంలో ముందుగా తేల్చుకోండి.

అక్కడికి వెళ్ళినప్పుడే ఇంజను మార్పుకు అనుమతి కూడా అడగండి. ఆర్‌సీలో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజను నంబరు కూడా ఉంటుంది కాబట్టి ఇది మీ ఇంటి ఆవరణలో ముగిసిపోయే పని కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చడానికి రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవాలి, మార్చిన 14 రోజులలోగా ఆర్‌సీతో సహా ఆ సంగతి తెలియజేయాలి. చట్టం అనుమతించని మార్పులు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలును 2019 సవరణ కల్పించింది. అదే తయారీదారు చేసిన అదే రకం ఇంజను వేస్తున్నప్పుడు ఈ అనుమతి అడగడం తేలిక. అమ్మే వ్యక్తి దగ్గర ఆ ఇంజను ఏ బండిలోనుంచి వచ్చిందో చూపే కాగితాలూ, బిల్లూ లేకపోతే ఎంత చవకైనా తీసుకోవద్దు. నంబరు గీసేసిన ఇంజను, నంబరు చెక్కిన చోట కొత్తగా రంగు వేసిన ఇంజను కనిపిస్తే బేరం మానుకుని వచ్చేయండి. బీమా సంస్థకూ కొత్త ఇంజను నంబరు తెలియజేయడం మరవకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదటిసారి చేసేవారు అందరూ పాత ఇంజనును దించడానికి తొందరపడతారు. కొత్తగా కొన్నది మాత్రం లారీ దిగినది దిగినట్టే గోనె సంచి కప్పుకుని మూల ఉండిపోతుంది. నేను మీకు చెప్పదలచినది ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది: కొత్త ఇంజను నేల మీద ఉన్నన్నాళ్ళూ దాని చుట్టూ మీకు కావలసినంత చోటుంది, బానెట్ కిందికి వెళ్ళిన తరువాత ఆ చోటు ఉండదు. నేల మీద అరగంటలో మార్చే సీలు, కారులో ఎక్కిన తరువాత రోజంతా పని పెడుతుంది. కాబట్టి కొన్న ఇంజను నూటికి నూరుపాళ్ళు సిద్ధమయ్యే వరకు పాత ఇంజను మీద పానా పెట్టవద్దు.

కొనేచోటే మొదటి పరీక్ష జరగాలి. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, రావులపాలెంలో తెలిసినవారి దగ్గర కొన్నా ఇందులో మొహమాటం పనికిరాదు. గేరుబాక్సు, స్టార్టరు బిగించి ఉన్న ఇంజనుకు జంపర్ కేబుళ్ళతో బ్యాటరీ తగిలించి, మూడు స్పార్క్ ప్లగ్గులనూ విప్పి, కార్బురెటర్ గొంతు పూర్తిగా తెరిచి ఉంచి ఒక్కొక్క సిలిండరులో కంప్రెషన్ గేజి (ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి స్టార్టరు తిప్పండి. అంకె ఎంత వచ్చిందన్న దానికన్నా మూడు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగిలిన వాటికన్నా పది శాతానికి మించి తక్కువగా ఉంటే, ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. ఒత్తిడి పెరిగితే రింగులు గానీ బోరు గానీ అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదన్నట్టు. ఆయిల్ మూత విప్పి లోపల మీగడలాంటి తెల్లని జిడ్డు ఉన్నదేమో చూడండి. ఉంటే ఆయిల్‌లో నీరు కలిసిందన్నమాట, వరద ప్రాంతం ఇంజను మళ్ళీ మీ ఇంటికే వస్తుందన్నమాట.

మన డెల్టాలో ప్రత్యేకంగా చూడవలసినది ఇంకొకటి ఉంది. సముద్రానికి దగ్గరి మండలాలలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది, కాలువ నీటిలో ఒండ్రు ఉంటుంది. ఆ నీటినే ఏళ్ళ తరబడి రేడియేటరులో పోసిన కార్లు మనకు కోకొల్లలు. ఆ ఉప్పు బ్లాకు పక్కన గుండ్రటి బిళ్ళల్లా కనిపించే వెల్ష్ ప్లగ్గులను లోపలినుంచి తినేస్తుంది, అల్యూమినియం హెడ్డులోని నీటి దారుల అంచులను గుల్లచేస్తుంది. ఒక్కొక్క వెల్ష్ ప్లగ్గునూ స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. అనుమానం వస్తే అన్నిటినీ మార్చండి. అవి చవకైన వస్తువులే అయినా, ఇంజను ఎక్కిన తరువాత కొన్నిటికి చెయ్యి కూడా అందదు. ఇంజను వేడెక్కేవరకు నీటిని రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాటు ఉండవలసిన చోట విప్పి చూస్తే అది లేకుండా పోయి ఉండటం కూడా మన వైపు సాధారణమే. వేడెక్కుతోందని ఎవరో పీకి పారేసి ఉంటారు. కొత్తది వేయండి. ఇంజనుకు సరైన వేడి అందకపోతే పెట్రోలూ ఎక్కువ తాగుతుంది, రింగులూ త్వరగా అరుగుతాయి.

నేల మీదనే టైమింగ్ బెల్టు (క్రాంకుతో పాటు వాల్వులను సమయానికి కదిలించే పట్టీ), దానిని బిగువుగా ఉంచే టెన్షనరు, వాటర్ పంపు, క్రాంక్ షాఫ్టు రెండు చివరల ఆయిల్ సీళ్ళు, క్లచ్ ప్లేటు మార్చండి. బెల్టు వేసిన తరువాత దాని చక్రాల మీది గుర్తులు కలిశాయని సంతోషించి ఊరుకోకుండా, ప్లగ్గులు విప్పి ఉంచి క్రాంక్ బోల్టుకు పానా తగిలించి చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ అక్కడికే వచ్చాయా అని చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టవద్దు, బెల్టు తీసి మళ్ళీ వేయండి.

ఇప్పుడు పాక సంగతి. కొబ్బరి దుంగ పైకి ఎంత నునుపుగా కనిపించినా లోపల మెత్తబడి ఉండవచ్చు. పైగా పాక దూలం కప్పు బరువును మోయడానికి వేసినదే గాని, ఒకే చోట వేలాడే ఇంజనును, అందులోనూ ఊగే ఇంజనును మోయడానికి కాదు. ఒక ఊరిలో ఇలాంటి దూలం విరిగి ఇంజను రేడియేటర్ మీద పడటం నా కళ్ళారా చూశాను. అక్కడ నిలుచున్న కుర్రవాడు అరక్షణం ముందు పానా కోసం పక్కకు వెళ్ళబట్టి బతికాడు. మామిడి కొమ్మకు కట్టడం కూడా అంతే ప్రమాదం. మీ ఊళ్ళో చేతిబోర్లు వేసే మేస్త్రీల దగ్గర గొట్టాలు పైకి లాగడానికి వాడే ఇనుప ముక్కాలి స్టాండు ఉంటుంది. దానిని రెండు రోజులకు అద్దెకు అడగండి, ఒక టన్ను మోసే చైన్ పుల్లీ దానికి చాలు. లంక నేల ఇసుక కలిసిన మెత్తటి నేల కాబట్టి స్టాండు మూడు కాళ్ళ కిందా, కారును నిలిపే స్టాండ్ల కిందా మందమైన చెక్కలు వేయాలి. కాళ్ళు జారి విడిపోకుండా మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి గానీ, ఇటుకలు పేర్చి నిలిపిన కారు కిందికి గానీ ఒక్క క్షణమైనా దూరవద్దు. గాలిలో వేలాడే ఇంజను కింద చెయ్యి పెట్టి బోల్టు వెతకవద్దు. ఈ రెండు మాటలూ మీరు పాటిస్తారని మాట ఇచ్చినట్టుగా భావించి మిగిలినది చెబుతున్నాను.

దించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరును మొదట విప్పండి, ఎక్కించిన తరువాత దానిని అన్నిటికన్నా చివర తగిలించండి. పెట్రోలు గొట్టం విప్పి చివర మూసివేసి, ట్యాంకులో ఇన్నేళ్ళుగా ఉన్న పెట్రోలును కూడా దించేయండి, అది ఇప్పుడు పనికిరాదు. తీసిన ప్రతి గొట్టానికీ వైరుకూ రెండు చివరలా ఒకే అంకె రాసిన కాగితపు టేపు చుట్టి, విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. గేరుబాక్సు బోల్టులు ఒకే పొడవు కావు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మూత మీద గేరుబాక్సు ఆకారం గీసి, ఏ రంధ్రంలోని బోల్టును ఆ చోట గుచ్చి పెట్టుకుంటే నెల తరువాత తీసినా తికమక ఉండదు. సైలెన్సరు మానిఫోల్డు నట్లకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వండి. ఉప్పుగాలికి బిగుసుకున్న ఆ నట్లు, తొందరపడితే స్టడ్డుతో సహా విరుగుతాయి.

దించిన ఆయిల్‌ను పంట కాలువలో గానీ, చెరువు గట్టున గానీ పారబోయవద్దు. చెరువుల దగ్గర పనిచేసే మీకు నీటి మీద నూనె పొర కడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. డబ్బాలో నింపి పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి. కూలెంటు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాని రుచి తియ్యగా ఉంటుంది, పళ్ళెంలో వదిలేస్తే కుక్కలు, దూడలు నాకుతాయి, కొద్దిపాటిది కూడా వాటి ప్రాణం తీయగలదు. మీరు పని చేయబోతున్నది పశువుల పాకలో అని మరచిపోకండి.

ఇంజను ఎక్కించేటప్పుడు మౌంటింగుల బోల్టులన్నీ వేళ్ళతో ఎక్కించే వరకు ఏ ఒక్కదానినీ పానాతో బిగించవద్దు. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు విప్పి, కాయిల్ వైరు తీసి, డాష్‌బోర్డులో ఆయిల్ దీపం ఆరిపోయే వరకు స్టార్టరును కొద్దికొద్దిగా తిప్పండి. ఆయిల్ అన్ని దారులకూ చేరిందనడానికి అదే గుర్తు. స్టార్ట్ అయిన తరువాత ఆ దీపం రెండు మూడు సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపేయండి. రేడియేటరు ఫ్యాను ఒకసారి దానంతట అది తిరిగి ఆగే వరకు కారు పక్కనే ఉండండి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది పాలకొల్లు. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి వాళ్ళ తాతగారి కారు ఇంజను తానే మారుస్తానని దించాడు. గేరుబాక్సు కారులోనే ఉంచి ఇంజనును ఒక్కదానినే ఎక్కిస్తున్నాడు. మూడు రోజులుగా అది గేరుబాక్సుతో కలవడం లేదు, వేలెడు సందు మిగిలిపోతోంది. బోల్టులు వేసి బిగిస్తే అదే దగ్గరకు వస్తుందని స్నేహితులు చెబుతున్నారు. బిగించమనమంటారా?

సమాధానం: అమ్మా, ఆ బోల్టులు బిగించనివ్వకండి. నేను ఈ సమాధానం రాస్తున్నప్పుడే మీ అబ్బాయి బిగించేశాడేమోనని నాకు ఆందోళనగా ఉంది. గేరుబాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్య ఉన్న పళ్ళలోకి దూరి, ఆపైన క్రాంక్ చివరనున్న చిన్న బేరింగులో కూర్చోవాలి. ప్లేటు ఒక దారం మందం పక్కకు జరిగినా షాఫ్టు దాని అంచుకు తగిలి ఆగిపోతుంది. అప్పుడు బోల్టుల బలంతో లాగితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది, లేదా అల్యూమినియం గేరుబాక్సు చెవి విరుగుతుంది. వేలెడు సందు మిగలడమే ఇందుకు గుర్తు.

క్లచ్ కవరు బోల్టులను కొద్దిగా వదులు చేసి, ప్లేటును నడిమికి తెచ్చి మళ్ళీ బిగించాలి. అందుకు ప్రత్యేకమైన కడ్డీ దొరుకుతుంది, దొరకకపోతే పాత గేరుబాక్సు షాఫ్టు ముక్కను వాడవచ్చు, లేదా వడ్రంగి చేత షాఫ్టు కొలతకు ఒక చెక్క కడ్డీ చెక్కించుకోవచ్చు. ప్లేటుకు ముందూ వెనుకా ఉంటాయి. స్ప్రింగులున్న ఎత్తైన మధ్యభాగం గేరుబాక్సు వైపు ఉందో లేదో ఒకసారి చూడమనండి, తిరగబడితే కలిసినా క్లచ్ పనిచేయదు. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య సందు చుట్టూ సమానంగా ఉండేలా ఎత్తు సరిచేసి, ఒకరు క్రాంకును కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు చేతులతో నెట్టాలి. సరిగా కుదిరినప్పుడు ఏ బలమూ లేకుండా చివరి వరకు జారి కూర్చుంటుంది. మూడు రోజులు పట్టినందుకు మీ అబ్బాయిని కోప్పడకండి. బలం పెట్టకుండా ఆగి ఉంటే వాడు మంచి పనివాడవుతాడు.

ప్రశ్న: భీమవరంలో మా పెదనాన్నగారి 1489 సీసీ డీజిల్ అంబాసిడరు ఉంది. దానికి 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజను వేయాలనుకుంటున్నాను. రెండూ అంబాసిడరువే కాబట్టి ఇంట్లోనే వేసుకోవచ్చా?

సమాధానం: మొదటి ప్రయత్నంగా వద్దు. కారు పేరు ఒక్కటే అయినా ఇసుజు ఇంజనుతో పాటు దాని ఐదు గేర్ల పెట్టె, దానికి తగిన మౌంటింగులు, వెనుక చక్రాలకు బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కొలత మార్చినది, రేడియేటరు గొట్టాలు, పెట్రోలు సరఫరా, జ్వలన వైరింగు అన్నీ మారాలి. ఆర్‌సీలో ఇంజను నంబరే కాకుండా ఇంధనం, సీసీ కూడా మారిపోతాయి కనుక రవాణా కార్యాలయంలో అనుమతి సంగతి తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. పైగా ఇవి పెద్దవి, బరువైన ఇంజన్లు. 800 ఇంజనును పట్టుకున్నంత ధైర్యంగా వీటిని ఇద్దరు మనుషులు పట్టుకోలేరు. మీ పెదనాన్నగారి కారులో ఉన్న డీజిల్ ఇంజనునే బోరింగ్ (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయించి, కొత్త లైనర్లూ పిస్టన్లూ వేయించి తిరిగి నిలబెట్టడం నాకు అన్ని విధాలా మంచిదనిపిస్తోంది. దానిని దించి ఎక్కించే పని మీరు చేసుకోండి, బోరింగ్ పని మాత్రం లేత్ షాపుకు అప్పగించండి.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నాను. మా బావగారూ నేనూ కలిసి మా పాత 800కు ఇంజను మార్చాము. తాళం తిప్పితే స్టార్టరు నీరసంగా మూలుగుతోంది. రెండోసారి తిప్పినప్పుడు క్లచ్ కేబుల్ దగ్గర పొగ వచ్చింది. బ్యాటరీ కొత్తదే. స్టార్టరు మార్చాలా?

సమాధానం: స్టార్టరును ముట్టుకోకండి, తాళం కూడా మళ్ళీ తిప్పకండి. ఇంజనుకూ కారు శరీరానికీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని మీరు తిరిగి బిగించడం మరచిపోయారు, లేదా తుప్పు మీదనో రంగు మీదనో బిగించారు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనుక కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఆ పట్టీయే దారి. అది లేనప్పుడు స్టార్టరు లాగే కరెంటంతా ఇంజనునూ శరీరాన్నీ కలిపే మరో లోహపు తీగను వెతుక్కుంటుంది. మీ కారులో దానికి దొరికినది క్లచ్ కేబుల్. నా మొదటి ఇంజను మార్పులో నాకూ ఇదే జరిగింది, అప్పుడు కాలినది యాక్సిలరేటరు కేబుల్.

బ్యాటరీ నెగటివ్ విప్పండి. పట్టీ రెండు చివరలనూ, అవి బిగిసే చోట్లనూ గరుకు కాగితంతో మెరిసే లోహం కనిపించే వరకు రుద్ది గట్టిగా బిగించండి, పట్టీ పోగులు పచ్చబడి తెగి ఉంటే కొత్తది వేయండి. ఆ తరువాత క్లచ్ కేబుల్‌ను తప్పనిసరిగా మార్చండి. పైకి బాగానే కనిపించినా లోపలి నైలాన్ పొర కరిగి తీగకు అతుక్కుని ఉంటుంది, ఏదో ఒక రోజు రద్దీలో క్లచ్ తొక్కినప్పుడు పెడలు తిరిగి రాదు. యాక్సిలరేటరు కేబుల్‌ను కూడా విప్పి చేత్తో లాగి చూడండి. ఎక్కడైనా పట్టినట్టుంటే దానినీ మార్చిన తరువాతనే కారును బయటికి తీయండి.